టార్గెట్ కాదు టెలోస్

సివిల్స్ ఎథిక్స్ పేపర్ కోసం తెలుగులో వస్తున్న కొన్ని గైడ్లు గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ చెప్పిన ‘టెలోస్’ను (అంతిమ ప్రయోజనాన్ని) ర్యాంకు, ఉద్యోగం లాంటి సొంత టార్గెట్‌గా కుదించేస్తున్నాయి. నేను తిరగేసిన ఒక గైడ్‌లోనైతే దాన్ని టైమ్ మేనేజ్‌మెంట్ చిట్కాల మధ్య ఇరికించారు! అరిస్టాటిల్ దృష్టిలో అంతిమ ప్రయోజనం ఎవరికి వారు పెట్టుకునేది కాదు, దేనిది దాని స్వభావంలోనే ఉంటుంది. విత్తు చెట్టవుతుంది, కన్ను చూస్తుంది. మనిషి విషయంలో అది యూడైమోనియా: వివేకంతో, సద్గుణాలతో జీవితమంతా బాగా బతకడం. డబ్బు మరో దానికోసం పనికొచ్చేదే తప్ప అంతిమం కాదని తన నీతిశాస్త్ర గ్రంథం ‘నికోమాకియన్ ఎథిక్స్’ మొదటి భాగంలోనే ఆయన తేల్చేశాడు. ఇదంతా వదిలేస్తే అసలు అధికారం దేనికి అన్న ప్రశ్న అభ్యర్థికి ఎదురే కాదు. 2013లో మెయిన్స్‌లో ఈ పేపర్ చేర్చింది అభ్యర్థుల నైతిక దృక్పథాన్ని చూడటానికే కదా. ఆ మొదటి భాగాన్ని తేలిక తెలుగులో, చిన్న వివరణలతో తెలుగు అకాడమీ తక్కువ ధరకు పుస్తకంగా తేవాలి. కోచింగ్ సెంటర్లు కూడా నిర్వచనాలు బట్టీ పట్టించడం మాని, బదిలీలు, భూసేకరణ లాంటి కేస్ స్టడీలతో ఈ భావనను చర్చింపజేయాలి.

– ఒక ఫిలాసఫీ లెక్చరర్, వరంగల్