కత్తుల మీద దాచిన గీతలు

లైప్‌జిగ్‌లోని నా దుకాణానికి ఏళ్ల తరబడి వస్తున్న మీ అందరికీ నమస్కారం.

గత రెండేళ్లలో నా దగ్గర మైసెన్ (జర్మనీలోని పేరున్న కర్మాగారం) పింగాణీ బొమ్మలు కొన్న పదకొండు మందికి నేను రెండో రకం బొమ్మను మొదటి రకం ధరకు అమ్మి ఉండవచ్చు. తెలిసి చేయలేదు. అయినా అమ్మింది నేనే.

పోయిన నెల, పూలబుట్ట పట్టుకున్న పిల్ల బొమ్మను బీరువాలోంచి తీసి అడుగు తుడుస్తున్నాను. గ్లేజు, అంటే పైనున్న గాజు పూత, దాని కింద నీలం రంగులో మైసెన్ కర్మాగారం గుర్తు అయిన జంట కత్తులు, వాటి మొనల నడుమ చుక్క. అంటే 1924, 1934 మధ్య చేసినది. అచ్చు సంఖ్య మట్టిలోనే చెక్కి ఉంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కాని కత్తుల మీద వేలికి గాజు చల్లదనం తగలలేదు. గది చీకటి చేసి అతినీలలోహిత దీపం పట్టాను. చిటికెన వేలి గోరంత మేర తెల్లగా, మసకగా వెలిగింది. దూదిని అసిటోన్‌లో తడిపి మెల్లగా రాస్తే వార్నిష్ పూత లేచింది. దాని కింద, కత్తుల మీదుగా రెండు గీతలు.

ఆ గీతలు కర్మాగారంవారే సానరాయితో గీస్తారు, ఏదో లోపం వల్ల ఆ బొమ్మ మొదటి రకంలోకి రాలేదని చెప్పడానికి. బొమ్మ అసలుదే, కత్తులూ అసలువే. నకిలీ అయితే మొదటిరోజే పట్టేవాణ్ణి. ఈ బొమ్మ నాకు అమ్మినాయన దగ్గర కొన్నవాటిలో ఇంకా నా దగ్గరే ఉన్న మరో రెండింటికీ ఇదే పూత.

ఆ సరుకు ఇచ్చినాయన పేరు రాయను. తొమ్మిదేళ్లుగా, పాత ఇళ్లు ఖాళీ చేసినప్పుడు దొరికిన సామాను ముందు నాకే చూపేవారు. నేనూ ఆయన మాట మీదే కొనేవాణ్ణి. ఫోన్ చేస్తే "చూసుకుని కొనవలసింది మీరే" అన్నారు. నాలుగు రోజులకు సగం డబ్బు ఇస్తానన్నారు. వద్దన్నాను. తీసుకుంటే లెక్క తీరిపోయినట్టే. ఆయనతో నా లెక్క అలా తీరడం నాకు ఇష్టం లేదు.

మీలో ఒకరు ఆ సరుకులోని ఒక బొమ్మను కూతురి పెళ్లికి ఇచ్చారు. అదిప్పుడు విజయవాడలో ఉంది. నేను చెప్పకపోతే ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. మూడు రాత్రులు నిద్ర లేదు. ఎప్పుడో ఆ అమ్మాయి దాన్ని పింగాణీ గురించి తెలిసినవారికి చూపిస్తే, నాన్న రెండో రకం బొమ్మ ఇచ్చారని అనుకుంటుంది కదా! నిన్న ఆ తండ్రికి ఫోన్ చేశాను. "బొమ్మ అక్కడే ఉండనివ్వండి" అన్నారు. పూత ఉందో లేదో చూడకుండానే ధరలో తేడా పంపేశాను.

మిగిలిన పది మందికీ ఈ వారంలో ఫోన్ చేస్తాను. పూత ఉండి కూడా ఉంచుకుంటే తేడా, వద్దంటే పూర్తి ధర. రవాణా ఖర్చు నాది. దయచేసి ఇంట్లో అసిటోన్ రాయకండి, పాత మరమ్మతు ఏదైనా ఉంటే దాని రంగు లేచిపోతుంది.

ఒక మాట చాలామందికి నచ్చదు. ఫోనులో ఫోటో పంపి వెల చెప్పమంటే ఇకపై చెప్పను. పూత వేసిన ఆ మూడు బొమ్మల అడుగులనూ కొన్నరోజే నేను ఫోటో తీసి పెట్టుకున్నాను. ఇప్పుడు ఎంత పెద్దవి చేసి చూసినా ఒక్క గీతా కనిపించడం లేదు. బొమ్మను నా చేతికి ఇవ్వండి. దీపం బల్ల మీదే ఉంటుంది, మీరూ పక్కనే ఉండి చూడవచ్చు.