పాట రాశారు, రైలు మరిచారు

సంపాదకుడు గారికి నమస్కారం.

రెండు ఆదివారాల కిందట మీ అనుబంధంలో, రెండో ప్రపంచ యుద్ధంలో చెక్ గడ్డ మీద నాజీలు యూదుల్ని బంధించిన టెరెజిన్ ఘెట్టో మీద అరపేజీ వ్యాసం వేశారు. కోపం చల్లారాక రాద్దామని ఆగాను. చల్లారలేదు.

'మృత్యువును గెలిచిన స్వరం' అట! ఎవరు గెలిచారండీ? బందీల సంగీతానికి నాజీలు 'అవకాశం కల్పించారు' అని కూడా రాశారు. ఆహా, ఎంత రసికులో!

పిల్లల ఆపెరా (మాటల బదులు పాటలతో నడిచే నాటకం) 'బ్రుందిబార్' అక్కడ 55 సార్లు ఆడిందన్నారు, నిజమే. చెక్క దడి మీద పిల్లి, కుక్క, పిచ్చుక బొమ్మలు అంటించి, తల పట్టేంత కంతలు కోసి, వాటిలోంచి పిల్లలు ముఖం పెట్టి పాడేవారు. కానీ 55 సార్లూ ఆ పిల్లలే పాడారనుకున్నారా? బందీల్ని చావు శిబిరాలకు మోసుకెళ్లే రైలు కదిలినప్పుడల్లా వేషాలు ఖాళీ అయ్యేవి. ఇంకో పిల్లను తెచ్చి, అదే కంతలో ముఖం పెట్టించి, అదే పాట నేర్పేవారు.

రెడ్‌క్రాస్ వాళ్లు 'చూసి మెచ్చుకున్నారు' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. 1944 జూన్ 23న వాళ్లొస్తున్నారని గోడలకు రంగులేయించారు, పూలమొక్కలు పెట్టించారు. మంత్రిగారొస్తే మన మున్సిపాలిటీ వాళ్లు రోడ్డు పక్కన సున్నం చల్లినట్టు అనబోయాను గానీ, ఆ పోలిక అన్యాయం. జనం పల్చగా కనబడాలని అంతకుముందు నెలలోనే 7,500 మందిని ఆష్విట్జ్ చావు శిబిరానికి పంపేశారు.

రఫాయెల్ షాక్టర్ పేరే మీ వ్యాసంలో లేదు. తానూ బందీగా ఉండి, స్వరాలు రాసిన ఒక్క పుస్తకంతో నూటయాభై మందికి ఇటలీ సంగీతకారుడు వెర్డీ కట్టిన 'రెక్వియెమ్' (చనిపోయినవారి కోసం పాడే ప్రార్థన) నేర్పిన మనిషి. నోటిపాఠం మనకు కొత్త కాదు, నేనూ అలాగే చెప్పాను పిల్లలకు. కానీ మనది ఒక్క దారిన నడిచే పాట. నాలుగు రకాల గొంతులు నాలుగు దారుల్లో వెళ్లి కలవాల్సిన సంగీతాన్ని, లాటిన్ మాటలతో, ఆకలి కడుపుల చేత పాడించడం వేరు. మొదటి కచేరీ కాగానే చాలామందిని రైలెక్కించారు. మళ్లీ కొత్తవాళ్లు, మళ్లీ మొదటి పేజీ.

విక్టర్ ఉల్మాన్ అనే బందీ సంగీతకారుడు అక్కడే ఒక ఆపెరా రాశాడు. అందులో చావు సమ్మె చేస్తుంది, ఎవరూ చావరు. రిహార్సల్స్ దాకా వచ్చి ఆగిపోయింది. జనం దాన్ని చూసింది 1975లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో. 1944 అక్టోబరు 16 రైల్లో ఉల్మాన్, క్రాసా, పావెల్ హాస్, గిడియన్ క్లైన్ అనే సంగీతకారులందరినీ ఆష్విట్జ్‌కు పంపారు. మొదటి ముగ్గురినీ రెండు మూడు రోజుల్లోనే గ్యాస్ గదిలో చంపేశారు. క్లైన్ పాతికేళ్లవాడు, జనవరి దాకా బతికాడు. ఇది రాయడానికి చోటు చాల్లేదా? అదే రోజు ఓ హీరోయిన్ గారి కుక్కపిల్లకు మూడు కాలమ్‌లు ఇచ్చారు, ఫొటోతో సహా.

మిమ్మల్నే అని ఏం లాభం లెండి. మొన్న మా మనవరాలి స్కూల్ వార్షికోత్సవంలో ముఖ్య అతిథి మైకు పట్టుకుని 'హిట్లర్ లాంటి డిసిప్లిన్ కావాలి' అన్నాడు. తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు. మా అబ్బాయి కూడా కొట్టాడు, పక్కనే కూర్చుని.

వెనకటికి పేజీ ప్రెస్సుకు వెళ్లే ముందు ప్రూఫు చూసే మనిషి ఒకరుండేవారు. ఇప్పుడు ఆ పని కంప్యూటరుకు అప్పజెప్పినట్టున్నారు. 'బ్రుందిబార్' కట్టిన సంగీతకారుణ్ణి మీ పత్రిక మూడు చోట్ల 'హాన్స్ కృష్ణ' అని అచ్చేసింది. ఆయన పేరు హాన్స్ క్రాసా. ఈ ఉత్తరం మొత్తం వేయకపోయినా, కనీసం అదొక్కటి దిద్దండి.

— ఒక రిటైర్డ్ సంగీతం మాస్టారు, తెనాలి