భోజనం ధర పెరుగుతోంది, రెండో విస్తరి అలాగే ఉంటుంది

మన పి.గన్నవరం మెస్‌కి వచ్చే అందరికీ నమస్కారం.

వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ఫుల్ మీల్స్ 90 నుంచి 100 రూపాయలు చేస్తున్నాం. గ్యాస్ బండ, నూనె, కందిపప్పు ఏవీ నిరుటి ధరకు రావడం లేదు. ఒక కూర తగ్గించి, పప్పు పలచన చేసి పాత ధరే ఉంచొచ్చేమోనని మా ఆయనా నేనూ లెక్కలు వేసి చూశాం. అలా వడ్డించడానికి మనసొప్పలేదు. అందుకే ఉన్నమాట చెబుతున్నాం.

ఇక రెండో విస్తరి సంగతి. కొత్తగా వచ్చేవాళ్ళకు తెలియకపోవచ్చు. మీ భోజనంతో పాటు ఇంకొకరి భోజనానికి కూడా డబ్బు కడితే పుస్తకంలో ఒక గీత పెడతాం. చేతిలో డబ్బు లేనివాళ్ళు వచ్చి తింటే ఒక గీత కొట్టేస్తాం. టోకెన్లన్నీ ఒకే రంగు కాబట్టి వడ్డించే పిల్లలకు కూడా తేడా తెలియదు. రెండో విస్తరికి పాత 90 రూపాయలే తీసుకుంటాం, పై పది మేం వేసుకుంటాం.

ఈ మధ్య కొందరు కస్టమర్లు గట్టిగానే అడిగారు. "తాగి వచ్చేవాళ్ళు కూడా తినేస్తున్నారమ్మా, ఆధార్ కార్డు చూసి పెట్టండి" అన్నారొకరు. "కట్టినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయండి, ఇంకో పదిమంది ముందుకొస్తారు" అన్నారింకొకరు. మంచి మనసుతో అన్నవే. కానీ ఆ రెండూ మేం చెయ్యం.

1996 తుఫాను ఈ ప్రాంతంలో ఎవరూ మర్చిపోలేదు. నవంబరు 6 రాత్రి కొట్టింది. తెల్లారేసరికి మా నాన్నగారి కొబ్బరితోటలో నిలబడ్డ చెట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. కరెంటు లేదు, రోడ్ల నిండా చెట్లు, ఇంట్లో తడిసిన ధాన్యం. దారులు తెరిపిన పడ్డాక ఒక లారీ వచ్చి మా ఊరి రావిచెట్టు కింద ఆగింది. యాసను బట్టి సీమవాళ్ళని పెద్దలు అనుకున్నారు. అక్కడే పొయ్యిలు పెట్టి అన్నం వండారు, పులుసు కాచారు. ఏ వీధి, ఏ కులం అని అడగలేదు. ఎవరు రెండోసారి లైన్లోకి వచ్చారో చూడలేదు. మా అమ్మ మొహమాటపడి దూరంగా నిలబడిపోతే ఒకాయన గిన్నె నిండా అన్నం పెట్టి తెచ్చిచ్చి, "ఇంట్లో ఇంకా ఎంతమంది ఉన్నారమ్మా?" అని మాత్రం అడిగాడు. వాళ్ళు వెళ్ళిపోయేటప్పుడు ఊరి పేరు చెప్పారట, ఆ హడావుడిలో ఎవరూ రాసుకోలేదు.

కొబ్బరి మొక్క వేస్తే కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. 1999 అక్టోబరులో ఒడిశా మీద సూపర్ సైక్లోన్ పడేనాటికి మా కొత్త మొక్కలింకా కాయనేలేదు. అయినా నాన్నగారు ఇంటింటికీ తిరిగి బియ్యం పోగుచేసి లారీకి ఎక్కించారు. మనకే లేకపోతే ఏంటండీ ఇదంతా అని అమ్మ అంటే, "మనకు పెట్టినవాళ్ళ అడ్రస్ తెలీదు. వీళ్ళదైతే తెలిసింది కదా" అన్నారు. నేను మెస్ పెట్టింది ఆ మాట విన్న ఇంట్లోంచి వచ్చి.

మన పక్కనే లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు గోదావరి పాయలు దాటి ఏ వేళకు ఎవరొచ్చినా అన్నం పెట్టారు. అంతర్వేది ప్రయాణమై కూడా, ఆకలితో ఉన్న పెళ్ళివారు తన ఇంటికే వస్తున్నారని దారిలో విని వెనక్కి తిరిగారని చెబుతారు. ఆవిడ పేరున్న అక్విడక్టు మీదుగా రోజూ తిరిగే మనం ఒక పూట భోజనానికి ఆధార్ అడుగుతామా? తాగినవాడికీ ఆకలి వేస్తుంది. గొడవ చేస్తే బయటికి పంపుతాం, కాకపోతే తిన్నాక.

మిగిలిన గీతలు ఏం చేశామో కూడా చెప్పాలి. వరదకు బూరుగులంక రేవు దగ్గర దారి మునిగి లంక గ్రామాలవాళ్ళు పడవల మీద ఆధారపడినప్పుడు వాటిని పులిహోర పొట్లాలు చేసి పంపాం. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పటి నుంచీ ఇదే పద్ధతి. పెరుగన్నం ఆ ఉక్కకు తొందరగా పులిసిపోతుంది, పులిహోర అయితే రాత్రికి కూడా పనికొస్తుంది. పసిపిల్లలున్న ఇళ్ళకు పాలపొడి, కొవ్వొత్తులు, అగ్గిపెట్టె కలిపాం. పడవవాళ్ళు కూలీ తీసుకోలేదు. డీజిల్ డబ్బు బలవంతంగా చేతిలో పెట్టాం, అది మీ గీతల్లోంచి కాదు.

కార్తీకంలో గీతలు బాగా పడతాయి, వేసవిలో తగ్గిపోతాయి. పుస్తకంలో ఒక్క గీత కూడా లేని రోజు మేమే పెడతాం. కానీ నెలంతా అలా పెట్టే స్తోమత మాకు లేదు. అందుకే ఎండాకాలంలో కూడా గుర్తుపెట్టుకోమని అడుగుతున్నా. పుస్తకం కౌంటర్ మీదే ఉంటుంది, ఎవరైనా తిరగేసి చూడొచ్చు.

కాలేజీ పిల్లలకొక మాట. ఫీజు కట్టిన నెలలో చేతిలో డబ్బు లేకపోతే మధ్యాహ్నం టీతో సరిపెట్టుకోకండి. కౌంటర్లో నాకు ఏ కారణమూ చెప్పనక్కర్లేదు. టోకెన్ తీసుకుని కూర్చోండి.