మంత్రి గారూ, హ్యాండ్‌బాల్ లీగ్ మళ్లీ ఎప్పుడు?

కేంద్ర క్రీడల శాఖ మంత్రి గారికి నమస్కారం.

ప్రీమియర్ హ్యాండ్‌బాల్ లీగ్ గురించి రాస్తున్నాను. 2020లోనే మొదలవుతుందన్నారు, కోవిడ్ వచ్చి ఆగింది, ఆ తర్వాత కూడా వాయిదా మీద వాయిదా పడి చివరికి 2023 జూన్ 8న జైపూర్‌లో మొదలైంది. మహారాష్ట్ర ఐరన్‌మెన్, గోల్డెన్ ఈగల్స్ ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ పేట్రియాట్స్, గర్విత్ గుజరాత్, ఢిల్లీ పాంజర్స్, మన తెలుగు టాలన్స్, మొత్తం ఆరు జట్లు. గవర్నమెంట్ హైస్కూల్లో పీఈటీగా ఈ ఆట నేర్పే నాకు అది పండగే. టీవీలో క్రికెట్, కబడ్డీ తప్ప ఇంకో ఆట చూడని మా పిల్లలు ఫోన్‌లో మన కుర్రాళ్లు గోల్ ముందుండే ఆరు మీటర్ల గీత దగ్గర గాల్లోకి ఎగిరి గోల్ కొట్టడం చూసి, మర్నాడు గ్రౌండ్‌లో అదే షాట్ ట్రై చేశారు.

జూన్ 25న ఫైనల్ అయింది, మహారాష్ట్ర గెలిచింది. అక్కడితో సరి. 2024లో లీగ్ జరగనే లేదు.

ఆ ఒక్క సీజన్ ఎలా నడిపారో కూడా చూడండి. ప్రతి జట్టూ మిగతా ఐదింటితో రెండేసి సార్లు ఆడాలి, అంటే పది మ్యాచ్‌లు, పైన నిలిచిన నాలుగు జట్లకు సెమీస్, తర్వాత ఫైనల్. రెండేసి సార్లు ఆడించడం మంచి పద్ధతే, కానీ 33 మ్యాచ్‌లనూ 18 రోజుల్లో ఒకే ఊళ్లో ముగించేశారు. 60 నిమిషాలు ఆగకుండా పరుగెత్తుతూ ఒకరినొకరు గుద్దుకునే ఆట ఇది, చీలమండ బెణికిందంటే ఆ కుర్రాడికి సీజన్ మొత్తం పోయినట్టే. పేరు తెలుగు టాలన్స్, తెలుగు నేల మీద ఒక్క మ్యాచ్ కూడా లేదు!

జర్మనీలో 1966లో హ్యాండ్‌బాల్ లీగ్ బుందెస్‌లీగా ఉత్తరం, దక్షిణం అని రెండు గ్రూపులుగా మొదలై, 1977 నుంచి ఒకటే లీగ్‌గా నడుస్తోంది. ఇప్పుడు 18 జట్లు, ఒక్కో జట్టుకు 34 మ్యాచ్‌లు, అందులో సగం సొంత ఊళ్లో. ప్లేఆఫ్స్ లేవు, పట్టికలో పైన ఉన్నవాళ్లే చాంపియన్లు. అంత పెద్దది మనకు ఇప్పుడే కావాలని నేను అనడం లేదు. ప్రో కబడ్డీలో ఒక్కో ఊళ్లో కొన్ని రోజుల చొప్పున ఆడించారు కదా, అలా రెండు మూడు ఊళ్లు తిప్పినా చాలు. కబడ్డీ ఆడిన గచ్చిబౌలి ఇండోర్ స్టేడియం మాకు ఉండనే ఉంది.

ఇంకోటి, మన హ్యాండ్‌బాల్ ఆటగాళ్లలో చాలామంది సర్వీసెస్ (సైనిక దళాలు), రైల్వేస్ ఉద్యోగులు. తేదీలు ముందే తెలియకపోతే వాళ్లు సెలవు ఎలా పెట్టుకుంటారు? వాయిదా పడ్డ ప్రతిసారీ ఆటగాళ్లకు వయసు కూడా అయిపోతోంది సార్, ఇరవై ఎనిమిదేళ్ల వాడికి రెండేళ్లు అంటే చాలా పెద్ద మాట.

దేశంలో ఈ ఆటను నడిపే హ్యాండ్‌బాల్ ఫెడరేషన్‌కు శిక్షణ, పోటీల క్యాలెండర్ చూసి నిధులిచ్చేది మీ శాఖే. లీగ్ తేదీలను, ఊళ్లను ఆ క్యాలెండర్‌లో పెట్టి సీజన్‌కు కనీసం ఆరు నెలల ముందు అందరికీ చెప్పమని ఫెడరేషన్‌ను అడగండి. ఆ తేదీలకు ఆటగాళ్లను వదలమని రైల్వేస్‌కూ, సర్వీసెస్‌కూ మీరే ఒక లేఖ రాయండి.

ఇట్లు,
ఒక పీఈటీ