తెరమీది రాణులూ, మన మా సాహెబా

సంపాదకులకు నమస్కారం.

మొగల్ అంతఃపురాల, టర్కీ ఒట్టోమన్ సుల్తానుల అంతఃపురాల కథలు కొన్నేళ్లుగా డబ్బింగ్ సీరియళ్లుగా మన ఇళ్లలోకి వస్తున్నాయి. మా ఇంటిల్లిపాదీ వాటిని ఇష్టంగానే చూస్తాం. మొన్న ఆదివారం మా మనవరాలిని కుతుబ్‌షాహీ సమాధులకు తీసుకెళ్లాను. గోల్కొండ రాణి హయాత్ బక్షీ బేగం గుంబజ్ (సమాధి) ముందు నిలబడి ఆ పన్నెండేళ్ల పిల్ల, "అమ్మమ్మా, ఈమెకు విషం పెట్టిందెవరు?" అని అడిగింది. రాణి అంటే సవతి పోరు, సవతి పోరంటే విషం అని ఆ పిల్ల సీరియళ్లు చూసే నేర్చుకుంది. నా చేత ఈ ఉత్తరం రాయిస్తున్నది ఆ ప్రశ్నే.

అంతఃపురాల్లో పోరు లేదని నేననను. సింహాసనం కోసం అన్నదమ్ములు ఒకరినొకరు చంపుకున్న కొంపల్లో తల్లులు నిశ్చింతగా ఎలా ఉంటారు? కానీ ఆ స్త్రీలు చేసిన పనులు తెరమీదికి ఎందుకు రావన్నదే నా బాధ. జహంగీరు తల్లినే చూడండి. సీరియల్లో ఆమెను జోధా అంటారు గానీ, అక్బరు కాలపు చరిత్ర గ్రంథాల్లో ఆ పేరు లేదు. మరియం ఉజ్ జమానీ అన్నది ఆమె బిరుదు. సరుకులనూ హజ్ యాత్రికులనూ ఎర్రసముద్రం దాకా చేరవేసే రహీమీ అనే ఓడ ఆమెకు సొంతంగా ఉండేది. 1613లో సూరత్ దగ్గర పోర్చుగీసువాళ్లు దాన్ని పట్టుకుంటే, జహంగీరు ఆగ్రహించి వాళ్ల చేతిలో ఉన్న డామన్ మీదికి సైన్యాన్ని పంపాడు. ఒక రాణి ఓడ పోయినందుకు రెండు రాజ్యాలు కత్తులు దూసిన ఈ ఘట్టంలో నూరు ఎపిసోడ్లకు సరిపడా కథ ఉంది. ఒట్టోమన్ సుల్తాన్ సులేమాన్ భార్య హుర్రెం విషయమూ అంతే. ఆమె కుట్రలు మన పిల్లలకు కంఠస్థం. బానిసగా వచ్చిన ఆ స్త్రీ 1550లలో జెరూసలేంలో పేదలకు, యాత్రికులకు రోజూ భోజనం పెట్టే సత్రం కట్టించిందని ఎవరికీ తెలియదు.

ఇక మన హయాత్ బక్షీ బేగం. హైదరాబాద్ నగరం కట్టించిన గోల్కొండ సుల్తాన్ మహమ్మద్ కులీకి కూతురు, ఆయన తర్వాత సుల్తానైన మహమ్మద్ కుతుబ్‌షాకు భార్య, అబ్దుల్లా కుతుబ్‌షాకు తల్లి. 1626లో పసితనం పూర్తిగా వీడని కొడుకు గద్దెనెక్కితే వెనక నిలబడి రాజ్యాన్ని నడిపించింది. ప్రజలు ఆమెను మా సాహెబా అన్నారు. ఆ పిలుపే మాసాబ్ ట్యాంక్ అయిందని నగరంలో చెప్పుకుంటారు. మా హయత్‌నగర్‌కు పేరూ, ఇక్కడి మసీదూ ఆమె ఇచ్చినవే. కోఠిలో బస్సెక్కే వాళ్లు రోజూ ఆమె పేరు చెప్పే టికెట్ తీసుకుంటారు, ఎవరి పేరో తెలియకుండానే.

1656లో, ఇంకా యువరాజుగా ఉన్న ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు, నలభై దాటిన కొడుకు కోటలో ఉండగా, ఆ పెద్దావిడ స్వయంగా మొగల్ శిబిరానికి వెళ్లి సంధి మాట్లాడింది. ఆ సంధిలో భాగంగా ఆమె మనవరాలిని ఔరంగజేబు కొడుక్కిచ్చి పెళ్లి చేయవలసి వచ్చింది. ఇదంతా మా పిల్లకు ఆ గుంబజ్ మెట్ల మీద కూర్చునే చెప్పాను. విషం సంగతి మరచిపోయి, "ఆ మనవరాలిని అడిగారా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. కల్పనకు చోటున్నది సరిగ్గా ఇక్కడేనని నాకనిపిస్తుంది. కోటకూ శిబిరానికీ మధ్య ఆ పల్లకీలో ఆమె ఏమనుకుందో, తిరిగొచ్చి మనవరాలితో ఏం చెప్పిందో మన నవలా రచయితలు, సీరియల్ రచయితలు ఊహించి రాయాలి. డబ్బింగ్ సీరియళ్లు ప్రసారం చేసే ఛానళ్లు కూడా, రెప్పపాటులో మాయమయ్యే "ఇది కల్పితం" అన్న వాక్యంతో సరిపెట్టక, ఏ పాత్ర చరిత్రలో ఉన్నదో, ఏది కల్పించినదో ఎపిసోడ్ చివర తెలుగులో చదవడానికి వీలుగా చూపాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హయత్‌నగర్, హైదరాబాద్