ఈ నెల గుడ్లు ఎందుకు తగ్గాయంటే

పోయిన సోమవారం ఉదయం, మా నాటు కోడిగుడ్లు తెప్పించుకునే, హైదరాబాద్ తార్నాకలో ఉండే ఒక అమ్మ ఫోన్ చేశారు. బాబుకు అట్టు వేద్దామని మా గుడ్డు కొడితే పచ్చసొన మీద సన్నని ఎర్రని నరాలు కనిపించాయట. బాబు అది చూసి ఆ రోజు గుడ్డు ముట్టలేదని చెబుతుంటే నాకు మాట రాలేదు. ఇంకో ఇద్దరికీ అలాంటివే వెళ్లాయని సాయంత్రానికి తెలిసింది. ముగ్గురికీ డబ్బు తిరిగి పంపాను. అంతటితో సరిపోదు, ఏం జరిగిందో అందరికీ తెలియాలి.

తప్పు మాదే. కీసర దగ్గర మా దొడ్లో పాత కూలరు వెనక ఒక పెట్ట మాకు తెలియకుండా గూడు కట్టుకుంది. శనివారం మా దగ్గర పనిచేసే పెద్దమ్మ దాన్ని చూసి, కింద ఉన్న తొమ్మిది గుడ్లను ఆ రోజు గుడ్ల బుట్టలోనే వేసేశారు. ఆమెను తప్పుపట్టను, తెలియని గూటి గుడ్లు వేరుగా పెట్టాలని నేను ఎప్పుడూ చెప్పలేదు. అప్పటికే ఆ పెట్ట మూడు నాలుగు రోజులుగా వాటి మీద కూర్చుని ఉండాలి. పుంజు కలిసిన గుడ్డుకు పెట్ట వెచ్చదనం తగిలితే రెండు మూడు రోజుల్లోనే లోపల రక్తనాళాలు ఏర్పడతాయి. ఆ అమ్మ చూసినవి అవే.

అసలు ఈ నెల గుడ్లు తగ్గడానికి కారణం కూడా పెట్టలు ఇలా గూటిలో కూర్చోవడమే. మాకున్న యాభై పెట్టల్లో పద్నాలుగు పొదుగుకు వచ్చాయి, అంటే గుడ్లు పెట్టడం మాని పొదగడానికి కూర్చున్నాయి. రోజుకు ఇరవై రెండు వచ్చే గుడ్లు పదమూడుకు పడిపోయాయి.

నాటు పెట్ట వరసగా పది, పదిహేను గుడ్లు పెట్టి ఆపుతుంది. గూటిలో గుడ్లు పోగుపడి, సంక్రాంతి దాటి పొద్దు పెరిగి, గాలి వేడెక్కేసరికి దాని ఒంట్లో ప్రొలాక్టిన్ అనే హార్మోను ఎక్కువవుతుంది. ఇక గుడ్డు పెట్టదు, కూర్చుంటుంది. షెడ్లలో పెంచే తెల్ల లెగ్‌హార్న్ జాతిలో ఈ గుణం దాదాపు పోయింది. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ పెట్టలూ పొదగడం అరుదు. అవి పెంచితే ఈ ఇబ్బంది ఉండదు కదా అని కొందరు అడిగారు. నిజమే, గుడ్లు కూడా ఎక్కువే వస్తాయి. కానీ మీరంతా నా దగ్గరికి వచ్చింది నాటు గుడ్ల కోసం. పిల్లల్ని తానే పొదిగి, తానే సాకే పెట్ట అంటే నాకు ప్రాణం.

మా దగ్గర పెట్టలు కొని ఇంటి వెనక పెంచుకుంటున్న వాళ్లు నలుగురు ఈ పదిహేను రోజుల్లో ‘కోడికి జబ్బు చేసింది, గూడు వదలడం లేదు’ అని ఫోన్ చేశారు. జబ్బో, పొదుగో తేల్చుకోవడానికి రాత్రి పూట చూడండి. మిగతా కోళ్లన్నీ కర్ర మీద కూర్చుని నిద్రపోతుంటే ఇది ఒక్కటే గూటిలో పరుచుకుని ఉంటుంది. మెల్లగా పొట్ట కిందికి చెయ్యి పోనివ్వండి. ఒళ్లంతా ఉబ్బించి, గొంతులో గుర్రుమని, టక్కున పొడుస్తుంది. పొట్ట దగ్గర ఈకలు రాలి వేడి చర్మం నేరుగా చేతికి తగులుతుంది. కన్ను మాత్రం చురుగ్గా ఉంటుంది. జబ్బు కోడికి అంత కోపం ఉండదు. అది ఎక్కడపడితే అక్కడ తల వాల్చి కునుకుతుంది. గుడ్డు అడ్డుపడిన పెట్ట అయితే తోక దించి, నిలబడి ముక్కుతూ ఉంటుంది, దాన్ని ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి చూపించాలి. పొదుగు మీద ఉన్న పెట్ట రోజుకు ఒకటి రెండుసార్లు దిగి, గబగబా నాలుగు గింజలు తిని, నీళ్లు తాగి, పెద్ద ముద్దగా దుర్వాసనతో రెట్ట వేసి మళ్లీ గూటికి పరిగెడుతుంది. రోజులు గడిచేకొద్దీ తల మీది జుట్టు పాలిపోతుంది, బరువు తగ్గుతుంది, పేలు పడతాయి. కింద గుడ్లు లేకపోయినా కొన్ని వారాలపాటు అలాగే కూర్చుంటుంది. అందుకే వదిలేయకూడదు.

పొదుగు మాన్పించడానికి నీళ్లలో ముంచడం, ముక్కులో ఈక గుచ్చడం నేను చిన్నప్పుడు చూశాను. దయచేసి అలా చేయకండి. చీకటి గూడు, కింద వెచ్చదనం దానికి దొరక్కుండా చేస్తే చాలు. అడుగున జాలీ ఉన్న పంజరాన్ని నేల నుంచి అడుగు ఎత్తులో, నీడలో, ఇటుకల మీద పెట్టి పెట్టను అందులో ఉంచండి. లోపల గడ్డి వేయకండి. జొన్నలు, నీళ్లు మాత్రం ఎప్పుడూ ఉండాలి. కింది నుంచి గాలి తగిలి పొట్ట చల్లబడుతుంది. మూడు నాలుగు రోజుల తర్వాత వదిలి చూడండి. నేరుగా గూటికి పోతే ఇంకో రెండు రోజులు ఉంచండి. ఎంత తొందరగా పట్టుకుంటే అంత తొందరగా మానుతుంది. మళ్లీ గుడ్డు పెట్టడానికి ఒకటి నుంచి మూడు వారాలు పట్టవచ్చు.

మా పద్నాలుగింటిలో మూడింటిని పొదగనిస్తున్నాను. ఒక్కోదాని కింద పది గుడ్లు పెట్టి, వేరే గదిలో తట్టల్లో కూర్చోబెట్టాను. ఇరవై ఒక్క రోజులకు పిల్లలు వస్తాయి. పద్నాలుగింటినీ పొదగనిచ్చి పిల్లలు అమ్ముకోవచ్చు కదా అని మావారు అన్నారు. ఆలోచించాను. అన్ని పిల్లలు ఒక్కసారి వస్తే మే నెల ఎండకు ఎన్ని నిలుస్తాయి? గద్ద నుంచి, ముంగిస నుంచి ఎన్నింటిని కాపాడగలం? కొక్కెర తెగులు టీకా అన్నింటికీ వేళకు వేయించగలమా? మూడు తల్లుల పిల్లలైతే బాగా చూసుకోగలను. మిగతా పదకొండింటినీ పంజరాల్లో పెట్టాను.

ఇప్పుడు మీ గుడ్ల సంగతి. తక్కువైన గుడ్లను బయట కొని కలపమని ఒక వ్యాపారి సలహా ఇచ్చారు. కలపను. నెలకు ముందే డబ్బు కట్టిన వాళ్లకు మొదట ఇస్తాను, ముప్పై బదులు పద్దెనిమిది అందుతాయి. మిగిలిన పన్నెండింటి డబ్బు తిరిగి కావాలన్నా, వచ్చే నెలలో సర్దమన్నా మీ ఇష్టం. ధర పెంచడం లేదు. కొత్తవాళ్లను ఉగాది వరకు తీసుకోలేను.

దొడ్లో రోజుకు మూడుసార్లు గుడ్లు తీస్తున్నాం. ఎక్కడో మూల దొరికిన గూటి గుడ్డు ఇక అమ్మకానికి రాదు. ప్రతి గుడ్డునూ చీకట్లో టార్చి వెలుగుకు పట్టి చూస్తున్నాను. అయితే ఒకటి రెండు రోజులే వేడి తగిలిన గుడ్డు ఆ వెలుగులో తెలియకపోవచ్చు. అందుకే గూటి దగ్గర జాగ్రత్తే అసలు జాగ్రత్త. మీరూ ఒక పని చేయండి. ఎండలు ముదిరితే వంటింటి వేడికే గుడ్డులో పెరుగుదల మెల్లగా మొదలయ్యే వీలుంది. గుడ్లు అందగానే ఫ్రిజ్‌లో పెట్టండి. ఏ గుడ్డు మీదైనా అనుమానం వస్తే ఫోటో తీసి పంపండి. దాన్ని కోడిగుడ్డు మీద ఈకలు పీకడం అని నేను ఎన్నడూ అనుకోను. తార్నాక అమ్మ ఆ రోజు ఫోన్ చేయకపోతే కూలరు వెనక గూడు సంగతి నాకు తెలిసేదే కాదు.

అక్కడ కూర్చున్న డేగ రంగు పెట్టను ఈ ఉదయమే పంజరం నుంచి వదిలాను. కూలరు ఉన్న చోటికి వెళ్లి ఒకసారి తొంగి చూసింది. కూలరు తీసేశాం, అక్కడ ఇప్పుడు ఎండ పడుతోంది. కాసేపు నిలబడి, వేపచెట్టు కింద బూడిద గుంటలోకి దిగి, రెక్కలు విప్పి ఒళ్లంతా బూడిద పోసుకుంది. బుధవారం బండి ఎప్పటిలాగే వస్తుంది, ఖాళీ ట్రేలు సిద్ధంగా ఉంచండి.