ఓబీజీలో (ప్రసూతి, స్త్రీ వ్యాధుల విభాగం) చేరుతున్న ఫస్టియర్ పీజీలకు

అందరికీ స్వాగతం. సిజేరియన్ ఎప్పుడు చేయనిస్తారని ఇప్పుడే అడగొద్దు. ముందు పొట్ట మీద చెయ్యి పెట్టి నొప్పులు లెక్కపెట్టడం, పార్టోగ్రాఫ్ (కాన్పు ఎలా సాగుతోందో రాసే చార్టు) అప్పటికప్పుడు నింపడం రావాలి. డ్యూటీ అయ్యాక కూర్చుని నింపితే అది కాగితం దండగే.

ఎక్లాంప్సియా (బీపీ పెరిగి గర్భిణికి ఫిట్స్ రావడం) కేసులో మెగ్‌సల్ఫ్ (ఫిట్స్‌కిచ్చే మెగ్నీషియం సల్ఫేట్) ప్రతి డోసుకి ముందు మోకాలి రిఫ్లెక్స్, ఊపిరి, యూరిన్ చూడండి. యూరిన్ గంటకు 30 మి.లీ. కన్నా తగ్గితే డోసు ఆపి చెప్పండి. కాల్షియం గ్లూకోనేట్ (మెగ్నీషియం ఎక్కువైతే ఇచ్చే విరుగుడు) ట్రేలో ఉందో లేదో డ్యూటీ ఎక్కగానే చూసుకోండి. బిడ్డ పుట్టగానే ఆక్సిటోసిన్ (బ్లీడింగ్ తగ్గించే మందు) 10 యూనిట్లు కండకివ్వడం మర్చిపోవద్దు. బ్లీడింగ్ ఎక్కువనిపిస్తే ఏ టైమైనా సీనియర్‌ని లేపండి, తిట్టినా సరే (తిడతాం కూడా).

లేబర్ రూమ్ సిస్టర్లతో మర్యాదగా ఉండండి, సగం పని వాళ్ల దగ్గరే నేర్చుకుంటారు. థీసిస్ టాపిక్ గురించి మేడమ్‌ని ఈ నెలలోనే కలవండి. డ్యూటీ లిస్టు రాత్రికి ఇక్కడే పెడతాను.